ప్లాస్మా అంచున ప్రవాహం ఎటు?

(స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



నేను చేసే పని గురించి పది నిమిషాలు చెప్పమన్నారు. లెక్కలు వద్దన్నారు. ఒక్క లెక్క మాత్రం చెబుతాను. లెక్కల మాస్టార్లు ముందు వరసలో కూర్చుని ఉండగా అదీ లేకపోతే బాగుండదు.

సూర్యుడిలో హైడ్రోజన్ కేంద్రకాలు కలిసిపోయి శక్తినిస్తాయని మనమంతా చదువుకున్నాం. ఆ పని భూమి మీద జరగాలంటే వాయువును కోట్ల డిగ్రీలకు వేడి చేయాలి. ఆ వేడికి ఎలక్ట్రాన్లు, అయాన్లు విడివడి ప్లాస్మా అవుతుంది. దాన్ని ఏ పాత్రా పట్టలేదు. అందుకే గారె ఆకారంలో ఉన్న గదిలో, అయస్కాంత క్షేత్రంతో, గోడకు తగలకుండా నిలుపుతారు. ఆ యంత్రమే టోకమాక్. గాంధీనగర్ దగ్గరి ప్లాస్మా పరిశోధన సంస్థలో 1989లో మొదలైన ‘ఆదిత్య’ అలాంటిదే. ఫ్రాన్సులో కడుతున్న ‘ఇటర్’లో భారతదేశం కూడా భాగస్వామి. అక్కడ ప్లాస్మా నడుమ 15 కోట్ల డిగ్రీల వేడి కావాలి.

అందరి చూపూ ఆ నడుమ వేడి మీదే ఉంటుంది. నా పని అంచు దగ్గర. గోడకు కొద్ది సెంటీమీటర్ల దూరంలో ఉష్ణోగ్రత లక్ష డిగ్రీల స్థాయికి పడిపోతుంది. తప్పించుకున్న వేడి గోడ మీద ఎక్కడ పడుతుంది, గోడ నుంచి రాలిన పదార్థం లోపలికి పోయి ప్లాస్మాను చల్లారుస్తుందా అనేది చాలావరకు ఈ అంచులోని ప్రవాహాలే తేలుస్తాయి.

1982లో జర్మనీలోని ఆస్‌డెక్స్ యంత్రంలో ప్లాస్మా ఉన్నట్టుండి వేడిని దాదాపు రెట్టింపు బాగా నిలుపుకుంది. ఆ స్థితికి హెచ్-మోడ్ అని పేరు. అంచులో పక్కపక్క పొరలు వేర్వేరు వేగాలతో సాగితే, వేడిని బయటికి మోసుకుపోయే సుడులు తెగిపోతాయని తరువాత తెలిసింది. ఇటర్ ఆశలన్నీ ఈ హెచ్-మోడ్ మీదే ఉన్నాయి. కనుక అంచులో ప్లాస్మా ఎటు పోతోంది, ఎంత వేగంగా పోతోంది అన్నది చిన్న ప్రశ్న కాదు.

దాన్ని కొలిచే పరికరం మాత్రం చిన్నదే. 1920లలో ఇర్వింగ్ లాంగ్‌మ్యూర్ ప్లాస్మాలోకి ఒక తీగ పెట్టి, వోల్టేజి మారుస్తూ కరెంటు చదివాడు. ప్లాస్మా అన్న పేరు పెట్టిందీ ఆయనే. మేము వాడే మాక్ ప్రోబ్ దానికి వారసురాలు. రెండు చిన్న లోహపు పలకలు, మధ్యలో కరెంటును పోనివ్వని అడ్డుగోడ. ఒకటి ప్రవాహానికి ఎదురుగా, రెండోది వెనక్కి తిరిగి ఉంటాయి. రెండింటికీ రుణ వోల్టేజి ఇస్తే ఎలక్ట్రాన్లు దూరంగా పోతాయి, అయాన్లు వచ్చి పడతాయి. వానలో సైకిలు తొక్కేవాడికి చొక్కా ముందు తడిసినంతగా వీపు తడవదు కదా. ఆ తేడానే ఇక్కడ కొలుస్తాం.

ఇదిగో లెక్క. ఎదురు పలకలో 20 మిల్లీ ఆంపియర్లు, వెనుక పలకలో 10 వచ్చాయనుకుందాం. నిష్పత్తి 2. దాని సహజ లాగరిథం 0.69. దాన్ని సుమారు 0.4తో గుణిస్తే 0.28. అంటే ప్లాస్మాలో ధ్వని వేగంలో 28 శాతం. అంచులో ఆ ధ్వని వేగం సెకనుకు 40 కిలోమీటర్లు అయితే, ప్రవాహం సెకనుకు 11 కిలోమీటర్లు.

ఆ 0.4 సిద్ధాంతం ఇచ్చిన సంఖ్య. దాన్ని కళ్లు మూసుకుని నమ్మకూడదు. పైగా రెండు పలకలు అచ్చంగా సమానం కాకపోయినా ఇలాంటి తేడాయే వస్తుంది. అందుకే ప్రోబ్‌ను 180 డిగ్రీలు తిప్పి మళ్లీ కొలుస్తాం. ప్రవాహం నిజమైతే నిష్పత్తి తలకిందులవుతుంది. కాకపోతే తేడా పలకలదే. ప్రోబ్ కూడా ప్లాస్మాకు అడ్డే, ఎక్కువసేపు ఉంటే కాలిపోతుంది. అందుకని పెద్ద యంత్రాల్లో సెకనులో కొంత భాగంలోనే లోపలికి దూసి వెనక్కి లాగేస్తారు.

ఇంత చిన్న పరికరం ఏం చెప్పగలదంటారా? అంచులోని అలజడి ఒకే తీరుగా ఉండదని, ఉండుండి ఎగసిపడుతుందని 1992లో ఆదిత్య బృందం ప్రోబ్‌లతోనే చూపింది. అమెరికాలో ఎంఐటీలోని ఆల్కేటర్ సి-మోడ్ యంత్రంలో, గారె లోపలి అంచున ప్రవాహం ధ్వని వేగానికి దగ్గరగా ఉందని 2004లో ప్రకటించారు. అయస్కాంత అమరికను కింది నుంచి పైకి మారిస్తే ఆ ప్రవాహం దిశ కూడా తిరిగింది. అంటే ప్లాస్మా ముఖ్యంగా బయటి అంచున కారి, క్షేత్రరేఖల వెంట లోపలి వైపుకు చేరుతోందన్నమాట. హెచ్-మోడ్ ఒక అమరికలో సులువుగా, ఇంకో అమరికలో కష్టంగా ఎందుకు వస్తుందన్న పాత చిక్కుకు దీంతో ఒక దారి కనిపించింది.

ఇంటర్లో డిఫ్లెక్షన్ మాగ్నెటోమీటరు పట్టినవాళ్లకు గుర్తుండాలి. ముల్లు రెండు కొనలూ చదవాలి, అయస్కాంతాన్ని తిప్పిపెట్టి మళ్లీ చదవాలి, అప్పుడు సగటు తీయాలి. చాలామందికి అది రికార్డు నింపే తతంగం. మేము ప్రోబ్‌ను తిప్పడం సరిగ్గా అదే పని. అది చేయకపోతే కోట్లు పెట్టి కట్టిన యంత్రంలో కూడా పలకల తేడాను ప్రవాహమని రాసేసుకుంటాం.

పూర్వ విద్యార్థులకు నా మనవి ఒకటే. స్వర్ణోత్సవ నిధిలో కొంత బడి ప్రయోగశాలకు కేటాయిద్దాం. అద్దాల బీరువాలో పెట్టే పరికరాలు కాదు, పిల్లలు చేత్తో తిప్పి చూసేవి కొందాం. పిల్లలూ, విలువ పుస్తకంలోని జవాబుతో కలిసిందని ఆగిపోకండి. తిప్పిపెట్టి ఇంకోసారి చదవండి.