ఆటకు వెనకాడే పిల్లలు



సాయంత్రం వీధిలో పిల్లలంతా తొక్కుడుబిళ్ల ఆడుతుంటే, ఒక్కడు మాత్రం అరుగు దిగడు. ఉయ్యాల ఎక్కమంటే ఏడుస్తాడు. గోదావరి రేవులో మెట్లు దిగేటప్పుడు అమ్మ కొంగు వదలడు. ఏమంటాం మనం? "పిరికివాడు" అంటాం, లేదా "బద్ధకస్తుడు" అంటాం. ఆ మాట పదిసార్లు వింటే వాడూ అదే నిజమనుకుంటాడు. ఆటకు దూరమైనవాడు క్రమంగా స్నేహితులకూ దూరమవుతాడు.

అయితే అది అన్నివేళలా పిరికితనం కాదు. ఒంటికాలి మీద గెంతాలంటే కాళ్లలో బలం ఒక్కటే చాలదు. తల ఎటు వంగిందో లోపలి చెవి చెప్పాలి. కాలు ఎక్కడుందో కండరాలూ కీళ్లూ చెప్పాలి. కళ్లు గీతను చూడాలి. ఈ కబుర్లన్నిటినీ మెదడు ఒకచోట కూర్చుకోవాలి. ఈ సంగతినే జీన్ ఏర్స్ అనే అమెరికన్ ఆక్యుపేషనల్ థెరపిస్టు 1972లో ఒక పుస్తకంలో వివరించారు. బడి ఈడు పిల్లల్లో నూటికి ఐదారుగురికి కదలికల పొందికలో ఇబ్బంది ఉంటుందని వైద్యుల అంచనా.

ఆక్యుపేషనల్ థెరపీ అంటే మందులూ సూదులూ కావు. బొత్తాలు పెట్టుకోవడం, అన్నం కలుపుకోవడం, రాయడం, ఆడుకోవడం ఇవే పిల్లల పనులు. ఆ పనిని చిన్న చిన్న మెట్లుగా విడగొట్టి ఆటలాగా నేర్పుతారు.

మనమూ ఇంట్లో కొంత చేయవచ్చు. ఉయ్యాలంటే భయమా? అట్లతద్ది ఉయ్యాల ఎక్కించి తోయకండి. పాదాలు నేలకు ఆనేటంత కిందికి కట్టండి. ఊపడం, ఆపడం వాడి ఇష్టానికే వదలండి. తొక్కుడుబిళ్లలో ముందు రెండు కాళ్లతో ఒక్క గీత దాటించండి. తరవాత మీ చెయ్యి పట్టుకుని ఒంటికాలితో గెంతించండి. చపాతీ పిండి పిసకడం, నీళ్ల చెంబు తేవడం కూడా మంచి కసరత్తులే. అన్నయ్యతో పోల్చకండి, నలుగురిలో నవ్వకండి.

అయితే ఒక హెచ్చరిక. బాగా నడిచే పిల్ల మళ్లీ తూలుతున్నా, వచ్చిన పనులు మరిచిపోతున్నా వెంటనే డాక్టరుకు చూపించాలి. 2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం కింద అంగన్‌వాడీల్లోనూ ప్రభుత్వ బడుల్లోనూ ఎదుగుదల లోపాలకు పరీక్షలు చేస్తారు. డబ్బు కట్టనక్కరలేదు. సంకోచించకుండా అడగండి.

పిల్లవాడు ఇవాళ ఒక్క మెట్టు దిగితే, ఆ ఒక్క మెట్టుకే మెచ్చుకోండి. రెండో మెట్టు రేపటి సంగతి.