సియాంగ్ అవతలి ఒడ్డున

పోస్టింగుల్లో చూసిన ఊళ్ళ గురించి మాట్లాడమని కార్యదర్శిగారు అడిగారు. చూసినవి చాలానే ఉన్నాయి గాని, ఒక్క ఊరి గురించే చెబుతాను. అది అరుణాచల్ ప్రదేశ్‌లో సియాంగ్ నది పక్కన ఉన్న ఆదీ తెగ వారి పల్లె. ఊరి పేరు, యూనిట్ పేరు చెప్పను. మనకది పాత అలవాటే గదా.

2000 నవంబరు సంగతి. అప్పుడు నేను హవల్దారుని. ఆ ఏడాది ఏప్రిల్ 9న టిబెట్‌లో యిగాంగ్ నదికి అడ్డంగా కొండచరియ విరిగిపడి పెద్ద చెరువు కట్టింది. జూన్ 10న ఆ కట్ట తెగింది. ఆ నీళ్ళన్నీ త్సాంగ్‌పోలోకి, అక్కడి నుంచి మన సియాంగ్‌లోకి వచ్చిపడ్డాయి. ఈ సియాంగే అస్సాంలోకి దిగాక బ్రహ్మపుత్ర అవుతుంది. ఆ వరదలో మనుషులు పోయారు, వేలాడే వంతెనలు వరసబెట్టి కొట్టుకుపోయాయి. వంతెన పోతే అవతలి ఒడ్డున ఉన్న ఊరు దీవి అయిపోయినట్టే. ఆ ఒడ్డున దారులు ఎలా ఉన్నాయో చూసి రావటం మా పెట్రోల్ పని.

పాసీఘాట్ నుంచి బండి పోయినంత దూరం పోయి, తర్వాత నడక మొదలుపెట్టాం. మ్యాపు మీద వేలెడు దూరం, కాళ్ళకు రెండు రోజులు. ఎక్కినంతా మళ్ళీ దిగటమే. వానలు వెనకబట్టినా తడి చోట్ల జలగలు ఉన్నాయి. జలగ కంటే నాకు డిమ్‌డామ్ ఈగంటేనే భయం. కుట్టిన చోట చిన్న చుక్క పడుతుంది, వారం రోజులు గోక్కోవాలి. అటు పనిచేసినవాళ్ళు నవ్వుతున్నారు చూడండి!

నది దగ్గర వంతెన బదులు ఒక ఇనుప తాడు, దానికి వేలాడే చెక్క పీట ఉన్నాయి. కూర్చుంటే అవతలివాళ్ళు లాగుతారు. కిందికి చూడొద్దు సాబ్ అన్నాడు మా పోర్టరు. అనగానే అందరం చూశాం.

ఊళ్ళోకి వెళ్ళగానే ముందు గావ్‌బూఢా ఇంటికి వెళ్ళాలి. ఆయన ఊరి పెద్ద. ఎర్రకోటు ఆ పదవికి గుర్తు, బ్రిటిష్‌వారి కాలం నుంచి వస్తోంది. మేము ఆయనకు ఉప్పు బస్తా ఇచ్చాం. వంతెన పోయిన ఊరికి అంతకంటే మంచి కానుక లేదు. మనుషులకే కాదు, మిథున్‌లకూ ఉప్పు కావాలి. మిథున్ అంటే మన అడవిదున్నకు చుట్టం లాంటి పశువు. కట్టెయ్యరు, అడవిలో దాని మానాన అది తిరుగుతుంది. ఎవరిది ఏదో చెవి మీద కోసిన గుర్తును బట్టి చెబుతారు. ఉప్పు చూపిస్తే దగ్గరకు వస్తుంది. తగువుల్లో జరిమానా కట్టాలన్నా మిథున్‌తోనే.

మమ్మల్ని ఒక ముసలమ్మ ఇంట్లో ఉంచారు. ఆనే అని పిలిచేవాళ్ళం, వాళ్ళ భాషలో అమ్మ. గుంజల మీద నిలబెట్టిన వెదురు ఇల్లు, పైన టోకో ఆకుల కప్పు. మధ్యలో నిప్పుల పొయ్యి, దాని మీద వేలాడే తట్టెలో మాంసం ఎండుతూ ఉంటుంది. అన్నం, ఉడికించిన ఆకుకూర, వెదురు కొమ్ముల పులుపు. నూనె లేదు, పోపు లేదు. ఒక మిరపకాయ మాత్రం పెట్టారు. కారం నాకు లెక్కలేదన్న మా కర్నూలు తమ్ముడు దాన్ని కొరికి అరగంట మాట్లాడలేదు. అపాంగ్ అనే సారాయి కాని సారాయి కూడా ఇచ్చారు, ఇంట్లో పులియబెట్టింది. కాల్చిన ఊక బూడిద కలిపితే నల్లరకం, లేకపోతే తెల్లరకం. డ్యూటీలో ఉన్నాం గనక పెదవికి తాకించి ఇచ్చేశాం అని రికార్డు కోసం చెబుతున్నాను.

సేద్యం కొండవాలు మీద. మన పాడేరు, సీతంపేట వైపు పోడు అంటామే, దాన్నే అక్కడ జూమ్ అంటారు. మేం వెళ్ళేసరికి కోతలు ఇంకా పూర్తి కాలేదు. ఈ మాట గుర్తుంచుకోండి.

రెండో రోజు సాయంత్రం, ఇంటి కప్పుకు ఆకు కోయటానికి టోకో చెట్టెక్కిన కుర్రాడు జారి పడ్డాడు. తొడ ఎముక విరిగింది. మా నర్సింగ్ అసిస్టెంటు వెదురు బద్దలు పెట్టి కట్టాడు. రేడియో సెట్లో హెలికాప్టర్ అడిగాం. మబ్బు దిగి ఉంది, ఇప్పట్లో రాలేదన్నారు. ఇక మోసుకుపోవటమే.

ఆ రాత్రి కెబాంగ్ కూర్చుంది. అది వాళ్ళ పంచాయితీ. పొయ్యి చుట్టూ కూర్చుని ఒక్కొక్కరే నిదానంగా మాట్లాడుతున్నారు. ఒకరి మాటకు ఇంకొకరు అడ్డురారు. రెండు గంటలైంది. నాకు లోపల మండుతోంది, ఒక కుర్రాణ్ణి మోయటానికి ఇంత చర్చా అని. పోర్టరును అడిగితే హిందీలో చెప్పాడు. మోయాలా వద్దా అన్నది అసలు మాటే కాదట. ఎవరు మోస్తారన్నదీ కాదు. మోయటానికి వెళ్ళినవాళ్ళ చేను ఈ నాలుగు రోజులు ఎవరు కోస్తారు, ఎవరు కాపలా ఉంటారు అన్నది తేలుస్తున్నారట. ఇంటింటికీ పని పంచి, పద్నాలుగు మంది పేర్లు చెప్పి లేచారు.

తెల్లవారకముందే బయలుదేరాం. వెదురు స్ట్రెచర్‌కు కుర్రాణ్ణి బిగించి కట్టాం. ఆ తాడు మీద అతన్ని దాటించటానికి గంటకు పైగా పట్టింది. మధ్యలో ఒకసారి కప్పీ ఇరుక్కుని నది మీద ఆగిపోయాడు. ఇవతల మేము, అవతల వాళ్ళు, ఎవరూ ఊపిరి తీసుకోలేదు. గావ్‌బూఢా తమ్ముడు తాడు పట్టుకుని పాక్కుంటూ వెళ్ళి సరిచేశాడు. ఒడ్డుకు చేరగానే కుర్రాడు అడిగింది ఒకటే, నా దావ్ ఎక్కడ అని. దావ్ అంటే నడుముకు కట్టుకునే కత్తి.

మర్నాడు సాయంత్రానికి బండి అందింది, పాసీఘాట్ ఆసుపత్రికి పంపాం. మా పెట్రోల్ కమాండర్ సాబ్ ఆ పద్నాలుగు మందికీ పోర్టరు కూలి రాయిస్తానన్నారు. మీ సామాను మోసినప్పుడు తీసుకుంటాం, దీనికి వద్దు అన్నారు. రాత్రికి అక్కడే పడుకుని కోతలున్నాయని తెల్లారే వెనక్కి వెళ్ళిపోయారు. తర్వాత ఆ సెక్టారుకు వెళ్ళిన మిత్రుడొకడు కబురు తెచ్చాడు. కుర్రాడు కొంచెం కుంటుతాడు, అయినా కొండెక్కుతున్నాడట.

ఇప్పుడు ఆ నది మళ్ళీ వార్తల్లో ఉంది. ఎగువన మెడోగ్ దగ్గర భారీ ప్రాజెక్టుకు చైనా 2024 డిసెంబరులో అనుమతిచ్చి, 2025 జూలైలో పని మొదలుపెట్టింది. మన వైపు సియాంగ్ మీద పెద్ద డ్యామ్ ప్రతిపాదన ఉంది. ఊళ్ళు, చేలు మునుగుతాయని ఆదీ పల్లెల్లో చాలామంది ఒప్పుకోవటం లేదు. పైనుంచి నీళ్ళు ఒక్కసారిగా వదిలితే ఎలా అన్న భయం ఉత్తది కాదు, 2000లో నేను చూశాను. డ్యామ్ కట్టాలా వద్దా అన్నది తేల్చటానికి నేను ఇంజనీరుని కాదు. కాని సర్వేకు వెళ్ళేవాళ్ళు దేశభద్రత అన్న ఒక్క మాటతో పని అయిపోతుందనుకుంటే పొరపాటు. ఎవరి చేను సంగతి ఏమిటి అని అక్కడ ఇంటింటికీ అడుగుతారు. అడిగే హక్కు వాళ్ళకుంది. రెండు గంటలు కాదు, రెండేళ్ళైనా కూర్చుని జవాబు చెప్పాలి.

అటు పోస్టింగ్ మీద వెళ్తున్న తమ్ముళ్ళు ఇద్దరు ఈ హాల్లోనే ఉన్నారు. ఉప్పు మాత్రం మర్చిపోకండయ్యా. మిరపకాయ జాగ్రత్త.

జై హింద్.