కొండ ఎంతమందిని మోస్తుంది?

(మన సంఘం సర్వసభ్య సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



కార్యదర్శి గారు నన్ను విహార యాత్రల గురించి నాలుగు మాటలు చెప్పమన్నారు. యాత్రతో పాటు మా ఇంట్లో కొన్నాళ్లు నలిగిన ఒక పంచాయితీ కూడా చెబుతాను. మీలో చాలామందికి గుట్ట పక్కనో, తోపులోనో రెండు మూడు ఎకరాలున్నాయి కనుక ఇది మీకూ పనికి రావచ్చు.

మాకు బంగారుపాళ్యం దగ్గర గుట్ట వారన మూడెకరాల తోతాపురి తోపుంది. 2025లో కాయ ధర ఎలా పడిపోయిందో మీకు నేను చెప్పనక్కర లేదు. అప్పుడే బెంగళూరులో ఉద్యోగం చేస్తున్న మా అబ్బాయి ఒక మాటన్నాడు. "నాయనా, ఈ చెట్లను నమ్ముకుంటే ఏమొస్తుంది? సగం కొట్టేసి ఇరవై గదుల రిసార్టు కడదాం. పిల్లల్ని రానీయకుండా పెద్దవాళ్లకు మాత్రమే. మెక్సికోలో, గ్రీసులో సముద్రం ఒడ్డున ఇట్లాంటివి బాగా నడుస్తున్నాయి" అన్నాడు. పెట్టుబడి మాత్రం నా గ్రాట్యుటీ, కమ్యుటేషన్ సొమ్ము.

అట్లాంటి చోటు ఎలా ఉంటుందో చూద్దామని నేనూ, మా ఇంటావిడా విశాఖపట్నం దగ్గరి భీమిలి వెళ్లాం. గోస్తనీ నది సముద్రంలో కలిసే ఊరది. డచ్చి వాళ్ల పాత సమాధులు, దీపస్తంభం, హడావుడి లేని వీధులు. మిట్ట మీద ఐదు గదుల చిన్న విడిదిలో దిగాం. మొదటి ఉదయం ఎవరో కాఫీ తెచ్చి చేతికిచ్చారు. మా ఆవిడ గ్లాసు పట్టుకొని చాలాసేపు సముద్రం వైపు చూస్తూ కూర్చుంది. "ముప్పై ఎనిమిదేండ్లలో ఒకరు పెడితే కూర్చోని తాగడం ఇదే మొదులు" అంది. నేను తల దించుకున్నాను. రిటైరయింది నేనే గానీ ఆమెకు రిటైర్మెంటు ఎవరిచ్చారు?

మరునాడు తొట్లకొండకు వెళ్లాం. విశాఖ నుంచి భీమిలి వెళ్లే దారిలోనే ఉంది. నౌకాదళం వారి విమాన సర్వేలో బయటపడిన ఈ బౌద్ధ క్షేత్రాన్ని పురావస్తు శాఖ 1988 తర్వాత తవ్వి వెలికి తీసింది. సముద్రానికి ఎదురుగా 128 మీటర్ల ఎత్తు కొండ. సుమారు 2,000 ఏళ్ల కిందట అక్కడ భిక్షువులు ఉండేవారు. స్తూపం, వంటశాల, భోజనశాల, ఒక్క మనిషికి సరిపోయే చిన్న చిన్న గదులు 70కి పైగా. ఆ కొండ మీద ఏరూ లేదు, ఊటా లేదు. రాతిలో తొట్లు తొలిచి వాన నీరు పట్టుకున్నారు. ఆ తొట్ల వల్లే దానికి తొట్లకొండ అని పేరు. పక్కనున్న బావికొండకు ఆ పేరు రావడానికి కారణం వాన నీరు పట్టుకున్న బావులు.

మైనర్ ఇరిగేషన్‌లో చెరువు తూముల లెక్కలు రాసి రిటైరైన వాణ్ణి నేను. ఆ తొట్టి గట్టున నిలబడ్డాక నాకు సిగ్గేసింది. కొడుకు ఇరవై గదులన్నప్పుడు ఖర్చెంత, రాబడెంత అని అడిగానే గానీ, నీళ్లెన్ని అని అడగలేదు!

తిరిగి రాగానే కాగితం తీశాను. నేషనల్ బిల్డింగ్ కోడ్ ప్రకారం హోటల్లో ఒక పడకకు రోజుకు 180 లీటర్లు లెక్క. ఇరవై గదులంటే 40 పడకలు, అంటే 7,200 లీటర్లు. మా బోరు ఎండాకాలంలో రోజుకు 2,000 లీటర్లు పోస్తే గొప్ప. తక్కిన 5,200 లీటర్లు ట్యాంకరులో రావాలి. ట్యాంకరు ఆకాశం నుంచి నింపుకొని రాదు గదా, పక్క రైతు బోరు నుంచే వస్తుంది. అతని చెట్లెండితే మన అతిథి స్నానం చేసినట్లు. అదే నాలుగు గదులైతే 8 పడకలకు 1,440 లీటర్లు. బోరులోనే సరిపోయి ఇంకా 560 మిగులుతుంది. చదరపు మీటరు కప్పు మీద ఒక మిల్లీమీటరు వాన పడితే ఒక లీటరు. 100 చదరపు మీటర్ల కప్పు మీద 900 మిల్లీమీటర్ల వాన కురిస్తే 90,000 లీటర్లు. కొంత వృథా పోయినా తొట్టి నిండుతుంది. స్నానాల నీళ్లు అరటి పాదులకు మళ్లించవచ్చు.

అబ్బాయి లెక్క చూశాడు. తల గోక్కున్నాడు. "నాలుగు గదులతో ఏం గిడుతుంది నాయనా?" అన్నాడు. నిజమే, పెద్దగా గిట్టదు. కానీ చెట్లుంటాయి, అప్పుండదు.

ఇక పిల్లలు రాకూడదన్న మాట. భీమిలిలో రెండో సాయంత్రానికే మా ఆవిడ ఫోను పట్టుకొని మనవరాలి కోసం వెతుక్కుంది. ఆ పాప అడిగిన ప్రశ్న ఒక్కటే. "తాతా, మన తోపులోకి నన్నే రానీరా?" బుద్ధుడు తన కొడుకు రాహులుణ్ణి ఏడేళ్ల వాడుగా ఉన్నప్పుడే సంఘంలో చేర్చుకున్నాడని బౌద్ధులు చెప్పుకుంటారు.  అయినా పెద్దలకు నిశ్శబ్దం అక్కరలేదని నేననను. ఆ కాఫీ గ్లాసు నేను మరిచిపోలేదు. అందుకని బడులున్న రోజుల్లో పెద్దలకు మాత్రమే, సెలవుల్లో అందరికీ అని తీర్మానించుకున్నాం. పాప ఒప్పుకుంది.

చివరిగా డబ్బు సంగతి. నా సొమ్ములో మూడో వంతు మాత్రమే ఇస్తానన్నాను. తక్కినది మా ఆవిడ పేరిట బ్యాంకులో ఉంటుంది. పిల్లల మీద నమ్మకం లేక కాదు, మందుల దుకాణం వాడు నమ్మకం తీసుకోడు గనుక. మీరూ కాస్త ఆలోచించండి.

ముందు తొట్టి కట్టిస్తాం. వాన కురిసి అది నిండాకే గదులకు పునాది. ఈలోగా ఒకసారి తోపుకు రండి. మీలో ఇంజనీర్లున్నారు, అకౌంట్సు వాళ్లున్నారు. నా లెక్కలో తప్పుంటే అక్కడే దిద్దండి. కాఫీ నేనే పెడతాను. మా ఆవిడ కూర్చుంటుంది.