కాలువలో ఈదినోళ్ళం, పూల్లో ఎందుకు ఆయాసపడతాం?

ఈరోజు ఎపిసోడ్ ఈత గురించి. పోటీల ఈత కాదండోయ్. ఒకప్పుడు సన్నగా ఉండి, పెళ్ళీ, వ్యాపారం, స్వీటు షాపుల దయవల్ల పొట్ట వచ్చేసి, ఇప్పుడు మళ్ళీ ఒళ్ళు దారికి తెచ్చుకుందాం అనుకునేవాళ్ళ ఈత. నాలాంటోళ్ళ ఈత అన్నమాట.

తణుకులో పుట్టి ఈత రాదంటే నవ్వుతారు కదండీ. మేం గోస్తనీలో నేర్చుకున్నాం. నడుముకి ఎండు సొరకాయ బుర్ర కట్టి దింపేవోళ్ళు. అది లేకపోతే అరటి బోదె పట్టుకుని కాళ్ళు కొట్టడమే. వేసవిలో కాలువలు కట్టేస్తే, మళ్ళీ నీళ్ళు ఎప్పుడు వదుల్తారా అని రోజూ గట్టు మీదకి వెళ్ళి చూసొచ్చేవాళ్ళం.

అందుకే 46 ఏళ్ళకి షుగర్ బోర్డర్‌లో ఉందని డాక్టరు గారు చెప్పినప్పుడు, మోకాళ్ళు నడవనివ్వట్లేదు కాబట్టి ఈత అయితే మనకి నల్లేరు మీద నడకే అనుకుని పూల్లో చేరా. మొదటిరోజు మన ప్రతాపం చూపించాలి కదా! 25 మీటర్ల పూలు. ఈ చివర్నుంచి ఆ చివరికి బలం కొద్దీ వెళ్ళా. గట్టు పట్టుకునేసరికి గుండె చెవుల్లో కొట్టుకుంటోంది. రెండు నిమిషాలు నోట మాట లేదు. పక్క లేన్‌లో ఒక చిన్నపాప, తొమ్మిదేళ్ళుంటాయేమో, నేను ఆయాసం తీర్చుకునేలోపు నాలుగుసార్లు అటూ ఇటూ తిరిగేసింది.

నేర్పే కుర్రాడు వచ్చి ఒకటే మాట అన్నాడండి. "బాబాయ్ గారూ, మీకు ఈత వచ్చు. గాలి వదలడమే రావట్లేదు."

ఆ మాట మీకు చెప్పాలనే ఈ ఎపిసోడ్ పెట్టా.

కాలువలో మనం తల పైకెత్తి ఈదుతాం. గట్టు చూసుకోవాలి, గుర్రపుడెక్క చూసుకోవాలి, వెనకనుంచి ఎవడు ముంచుతాడో చూసుకోవాలి. తల పైకి లేస్తే నడుమూ కాళ్ళూ కిందికి దిగిపోతాయి. అప్పుడు మనం నీళ్ళ మీద జారుతూ వెళ్ళం, నీళ్ళని ఛాతీతో తోసుకుంటూ వెళ్తాం. నీళ్ళు గాలి కన్నా దాదాపు 800 రెట్లు సాంద్రం. ఎంత బలం ఉంటే సరిపోతుంది చెప్పండి? కాలువలో ప్రవాహం కూడా కొంత మోసేది, ఆ సంగతి మనకి తెలియలేదంతే.

రెండోది ఊపిరి. ముఖం నీళ్ళలో పెట్టగానే బిగబడతాం. లోపల కార్బన్ డయాక్సైడ్ పేరుకుంటుంది. ఆ గిలగిల దానివల్ల వచ్చేదే ఎక్కువ. తల తిప్పిన ఆ అర సెకనులో వదలడం, పీల్చడం రెండూ చెయ్యాలని చూస్తాం. నిండు బిందెలో ఇంకా నీళ్ళు పోసినట్టే, లోపలికి పోదు. కాబట్టి ముఖం నీళ్ళలో ఉన్నంతసేపూ ముక్కుతో నోటితో మెల్లగా బుడగలు వదులుతూనే ఉండాలి. తల పక్కకి తిప్పితే పీల్చుకోవడమే పని.

మొదటి రెండు వారాలు నేను ఈదలేదండి, నిజం. ఛాతీ లోతులో గట్టు పట్టుకుని ముఖం ముంచి బుడగలు. పదిసార్లు, కాస్త ఆగి మళ్ళీ పదిసార్లు. తర్వాత నీళ్ళలో నడక. నడుం లోతులో నిలబడితే కాళ్ళ మీద బరువు దాదాపు సగానికి తగ్గుతుంది. ఛాతీ లోతుకి వెళ్తే ఇంకా తేలిక. నా మోకాళ్ళకి అక్కడే ప్రాణం లేచొచ్చింది. తెలిసినోళ్ళు చూసి నవ్వారు. నవ్వనివ్వండి.

మూడో వారం నుంచి ఇలా. ఐదు నిమిషాలు నీళ్ళలో నడక. తర్వాత 25 మీటర్లు నాలుగుసార్లు, ఒక్కోదానికీ మధ్య నిమిషం ఆగడం. ఆ నిమిషం సిగ్గుపడి తగ్గించుకోకండి, వర్కవుట్‌లో అసలు పని చేసేది అదే. చివర్లో బోర్డు పట్టుకుని కాళ్ళు. మోకాలి దగ్గర్నుంచి సైకిలు తొక్కినట్టు కాదు, తుంటి దగ్గర్నుంచి. మొత్తం అరగంట. వారానికి మూడు రోజులు, మధ్యలో ఒక్కోరోజు ఖాళీ. రెండు మూడు వారాలకి నాలుగుసార్లు ఆరు అవుతుంది, తర్వాత ఎనిమిది. అది తేలిగ్గా ఉన్నప్పుడు 50 మీటర్లు నాలుగుసార్లు. నేను ఆగకుండా 200 మీటర్లు వెళ్ళడానికి మూడు నెలలు పైనే పట్టింది.

ఎక్కువ చేస్తున్నామో లేదో ఎలా తెలుస్తుంది? నీళ్ళలో నాడి బయటకన్నా కాస్త తక్కువ కొట్టుకుంటుంది, వాచీ లెక్క నమ్మకండి. గట్టు పట్టుకుని పేరూ ఊరూ నాన్నగారి పేరూ ఒక్క ఊపిరిలో చెప్పగలిగితే సరిగ్గా ఉన్నట్టు. చెప్పలేకపోతే వేగం తగ్గించండి.

గుండె జబ్బు, బీపీ ఉన్నవాళ్ళు డాక్టర్ని అడక్కుండా దిగొద్దు. ఇన్సులిన్ గానీ, షుగర్ బాగా దించే మాత్రలు గానీ వాడేవాళ్ళు ఖాళీ కడుపుతో వెళ్ళకూడదు, సంచిలో గ్లూకోజు పెట్టుకోండి. కాలికి పుండు ఉంటే మానేదాకా పూలు వద్దు. ఛాతీలో బరువుగా అనిపించినా, కళ్ళు తిరిగినా వెంటనే గట్టెక్కి పక్కవాళ్ళకి చెప్పండి. మొహమాటపడే చోటు కాదది.

"పూలుకి డబ్బులెందుకు, కాలువ ఉందిగా" అని ఫోన్ చేసి అడిగారు ఒకాయన. వాళ్ళకోసం ఇది. నా స్నేహితుడొకడు, నా వయసే, చిన్నప్పుడు మాకందరికీ గురువు. పోయినేడాది కాలువ అడ్డంగా ఈదుతానని దిగాడు. సగంలో పిక్క పట్టేసింది. కేక కూడా రాలేదు. ఒడ్డున గేదెలు కడుగుతున్నాయన చూసి, రెండు పలుపులు ముడేసి విసిరాడు కాబట్టి ఇవాళ మనతో ఉన్నాడు. పూల్లో అయితే నిలబడితే సరిపోయేది. కాలువలో కాలు ఎక్కడ ఆనుతుందో, లాకుల దగ్గర లోపల ఎలా లాగుతుందో పైనుంచి కనపడదండి. చిన్నప్పుడు వచ్చిన ఈత గుర్తుంటుంది, కానీ అప్పటి గుండె, అప్పటి బరువు కాదుగా మనవి.

ఆడవాళ్ళు చాలామంది "ఈ వయసులో ఏం నేర్చుకుంటాం" అంటారు. మన సామర్లకోట ఆవిడ గోలి శ్యామల గారు నలభై దాటాకే ఈత నేర్చుకున్నారు. 2021 మార్చిలో శ్రీలంక వైపు నుంచి ధనుష్కోటి దాకా దాదాపు 30 కిలోమీటర్ల పాక్ జలసంధి ఈదారు. 52 ఏళ్ళ వయసులో విశాఖ నుంచి కాకినాడకి సముద్రంలో రోజుకి కొంతచొప్పున 150 కిలోమీటర్లు ఈది 2025 జనవరిలో గట్టెక్కారు. మనకి అంత అక్కర్లేదు, 25 మీటర్లు చాలు. ఆడవాళ్ళ బ్యాచ్ ఉందో లేదో ముందే అడగండి. నిండుగా ఉండే నైలాన్ డ్రెస్సులు దొరుకుతున్నాయి. నూలు బట్టలతో దిగితే నీళ్ళు పీల్చి లాగేస్తాయి.

ఇక బరువు సంగతి. ఆరు నెలల్లో నేను తగ్గింది మూడు కిలోలే. కారణం చెప్పేస్తా. చల్లనీళ్ళలోంచి బయటికొస్తే ఆకలి మామూలుగా ఉండదు. దార్లో పునుగుల బండి ఉంది. మొదటి రెండు నెలలు పూల్లో కరిగించింది అక్కడే వడ్డీతో సహా తిరిగొచ్చింది. ఇప్పుడు ఇంటి నుంచే ఉడకబెట్టిన శనగలు పట్టుకెళ్తున్నా. బెల్టు మాత్రం రెండు చిల్లులు లోపలికి జరిగింది. షుగరు మళ్ళీ చూపించుకోవాల్సింది వచ్చే నెలలో, ఎంతొచ్చినా ఇక్కడే చెప్తా.

వచ్చే ఎపిసోడ్‌లో కళ్ళద్దాలు, చెవిలో నీళ్ళు, క్లోరిన్‌కి జుట్టు పాడవడం గురించి మాట్లాడుకుందాం. ఉంటానండి, ఆరున్నర బ్యాచ్‌కి టైమయ్యింది.