పాదముద్రల పిలుపు





నిన్న సాయంకాలము ఒక పెద్దాయన నన్ను అడిగినారు: “స్వామీ! మా పిల్లలందరు బెంగుళూరు చేరినారు. భజనకు పదిమందిమి ముసలివారము మిగిలినాము. మా తరువాత గుడిలో దీపము పెట్టువారెవరు?” అని. రాత్రి నాకు నిద్ర పట్టలేదు. అందుకు సమాధానముగా నేడొక చిన్న ప్రాణిని గూర్చి విన్నవించెదను.

మనకు సముద్రము దూరము. విశాఖపట్టణపు రేవులో స్తంభములను, ఓడల అడుగు భాగములను కరచుకొనియుండు గట్టి పెంకుల ప్రాణులను మీలో కొందరు చూచియుందురు. వాటిని బార్నకిల్ అందురు. రొయ్యకు, పీతకు దాయాదులు. శైశవమున ఇవి నీటిలో కొట్టుకొనిపోవు సూక్ష్మజీవులు. స్థిరపడుటకు ముందటి దశలో ఆహారము ముట్టవు. దాచుకొన్న కొవ్వే ఆధారము. అది తరిగిపోవులోగా చోటు వెదకుకొనవలెను. ఒకసారి అతుకుకొన్నచో జీవితాంతము కదలిక లేదు. పెక్కు జాతులలో ఇరుగుపొరుగు లేనిచో వంశమే లేదు. కావున ఆ ఎన్నిక ప్రాణసమానమైనది.

ఆ పసిప్రాణికి దారి చూపువారెవరు? పెద్దలు విడిచిన గుర్తే! 1953లో నైట్-జోన్స్ అను శాస్త్రజ్ఞుడు, ఈ శిశువులు స్వజాతివారున్న చోటనే కుదురుకొనుటను ప్రయోగములతో చూపెను. పై ప్రాణి రాలిపోయి అడుగు పీఠము మాత్రమే మిగిలినను, అదియు వాటిని నిలుపగలదు. ఆ గుర్తు ఒక మాంసకృత్తు అని 1998లో జపాను శాస్త్రజ్ఞులు దానిని వేరుచేసి చూపిరి. ఆ శిశువు రెండు మీసములతో తడవుకొనుచు నడచును. అట్లు నడచినప్పుడు అంటిన పాదముద్ర సైతము వెనుక వచ్చు మరియొక శిశువునకు పిలుపగును.

పట్టు నేలలోని మనకు ఇట్టిది కొత్త కాదు. హిందూపురము పట్టుగూళ్లకు, ధర్మవరము చీరెలకు ప్రసిద్ధి. ఆ గూటినుండి వెడలు ఆడ చిలుక వెదజల్లు గంధమునకు మగ చిలుక వచ్చును. 1959లో జర్మనీ దేశీయుడగు బూటెనాంట్ సుమారు 5 లక్షల ఆడ చిలుకలనుండి ఆ పదార్థమును గ్రహించి, బాంబికాల్ అని పేరిడెను. పుణ్యకర్మను పరిమళముతో పోల్చుట మన వేదవాఙ్మయమునందు ఉన్నదే కదా!

ఇచట ఒక భేదము గమనింపుడు. పట్టుచిలుక గంధము గాలిలో వచ్చును; బార్నకిల్ గుర్తు తాకిననే తెలియును. ఉత్సవపు మైకు దూరమునుండి పిలువగలదు. కాని మనిషిని నిలుపునది స్పర్శ.

మరియొక హెచ్చరిక. గుంపు కూడుట మాత్రమే సత్సంగము కాదు. ఇవే ప్రాణులు ఓడ అడుగున పేరుకొన్నచో దాని వేగము తగ్గును, ఇంధనము వృథా యగును. దేనిని పట్టుకొని కూడితిమన్నదే ముఖ్యము.

1565లో రక్కసతంగడి యుద్ధానంతరము తిరుమలరాయలు పెనుకొండను రాజధానిగా చేసికొనెను. చెదరిన రాజ్యము నిలద్రొక్కుకొన్నది పూర్వులు కోటను, ఆలయములను కట్టి ఉంచిన చోటనే గాని, ఏ గుర్తులు లేని బయట కాదు.

కావున అయ్యా! పిల్లలు రాలేదని నిందింపకుడు. సెలవులకు మనుమడు వచ్చినప్పుడు వత్తి వాని చేతనే వెలిగింపించుడు. గంట వాని చేతికి అందీయుడు. గోత్రము, ప్రవర వాని నోట పలికింపుడు. బార్నకిల్ ఒకసారి కుదిరినచో కదలలేదు. మనుష్యుడు ఎంత దూరమేగినను తిరిగి రాగలడు. వచ్చిన నాడు వాని వ్రేళ్లు తడవుటకు మన గుర్తు ఒకటి ఇచట ఉండవలెను. మనము రాలిపోయినను పీఠము మిగులును. దానిని నేడే పదిలపరచుదము.

స్వస్తి.