గంటల్లో ప్రాణం తీసే జ్వరం



2003 వానాకాలం ములుగు దిక్కు పెద్దవాళ్లు చాలామందికి గుర్తుండే ఉంటుంది. అప్పుడు ములుగు వరంగల్ జిల్లాలోనే ఉంది. వేరే జిల్లా అయింది 2019లో. ఆ ఏడు జూన్ నుంచి ఆగస్టు దాకా వరంగల్, కరీంనగర్ వంటి జిల్లాల్లో పిల్లలకు వింత జబ్బు వచ్చింది.

పొద్దున ఆడుకున్న బిడ్డకు మాపటికి ఒళ్లు కాలిపోయేది. వాంతులయ్యేవి. ఫిట్స్ వచ్చేవి. తర్వాత స్పృహ తప్పేది. చాలామంది ఒకటి రెండు రోజుల్లోనే కన్నుమూశారు. జబ్బు పడిన పిల్లలు 329 మంది. చనిపోయిన వాళ్లు 183 మంది. అంటే ప్రతి ఇద్దరిలో ఒకరి కన్నా ఎక్కువ!

ఇది ఏం జబ్బు? మొదట జపనీస్ మెదడువాపు అనుకున్నారు. పరీక్ష చేస్తే అది కాదని తేలింది. నమూనాలు పుణెలోని జాతీయ వైరాలజీ సంస్థకు పోయాయి. చనిపోయిన ఒక బిడ్డ మెదడును కూడా పరీక్షించారు. అందులో చాందీపుర వైరస్ జాడ దొరికింది. 1965లో నాగపూర్ దగ్గరి చాందీపుర అనే ఊళ్లో జ్వరం వచ్చిన మనుషుల రక్తంలో ఈ వైరస్‌ను మొదట కనుక్కున్నారు. అందుకే ఆ పేరు. కొందరు డాక్టర్లు మాత్రం ఇది వాపు కాదు, మెదడుకు రక్తం అందకపోవడం అని వాదించారు. పరిశోధన అంటే ఇట్లాగే ఉంటుంది. ఒకరు చెబుతారు, ఇంకొకరు అడుగుతారు, నిజం మెల్లగా తేలుతుంది.

ఈ వైరస్‌ను ఇసుక ఈగ మోసుకొస్తుంది. అది దోమ కన్నా చాలా చిన్నది. మట్టిగోడల నెర్రెల్లో, పశువుల కొట్టంలో, తేమ ఉన్న చీకటి మూలల్లో ఉంటుంది. రాత్రిపూట కుడుతుంది.

ఈ వైరస్‌కు ఇప్పటికీ మందు లేదు, టీకా లేదు. "మరి దవాఖానకు పోయి ఏం లాభం?" అని అడగొచ్చు. లాభం ఉంది. అక్కడి ఇంటెన్సివ్ కేర్ వార్డులో ఫిట్స్ ఆపుతారు. ఆక్సిజన్ ఇస్తారు. శ్వాస ఆడకపోతే మిషన్ పెడతారు. రక్తంలో చక్కెర తగ్గిందేమో చూస్తారు. మెదడు వాపు తగ్గడానికి మందులిస్తారు. ఒళ్లు జబ్బుతో కొట్లాడేదాకా ప్రాణాన్ని నిలబెట్టడమే ఆ వైద్యం.

ఇంకో సంగతి. బిడ్డ సొమ్మసిల్లితే "గ్లూకోజు బాటిల్ తొందరగా ఎక్కియ్యండి సారూ" అని చాలామంది అడుగుతారు. డాక్టర్లు కూడా ఒకప్పుడు బాటిల్ వేగంగా ఎక్కిస్తే మంచిదనుకునేవారు. ఉగాండా, కెన్యా, టాంజానియా దేశాల్లో 3,141 మంది పిల్లల మీద పరిశోధన చేశారు. వీళ్లంతా తీవ్ర జ్వరంతో, రక్తప్రసరణ తగ్గి వచ్చినవాళ్లు. ఫలితం 2011లో బయటికొచ్చింది. వేగంగా ఎక్కించిన పిల్లల్లో రెండు రోజుల్లో నూటికి 10, 11 మంది చనిపోయారు. అట్లా ఎక్కించని పిల్లల్లో నూటికి 7 మంది. మంచిదనుకున్నది కీడు చేసింది! విరేచనాలతో నీళ్లు పోయిన బిడ్డ సంగతి వేరు. ఆ బిడ్డకు నీళ్లు తప్పక కావాలి. ఏ బిడ్డకు ఎంత ఎక్కించాలో డాక్టరే తేల్చాలి. తొందరపెట్టొద్దు.

మరి ఇంట్లో ఏం చేయాలి?

ఫిట్స్ వస్తే బిడ్డను ఒక పక్కకు పండబెట్టండి. బట్టలు వదులు చేయండి. నోట్లో చెంచా, తాళంచెవి పెట్టొద్దు. నీళ్లు పోయొద్దు. గోరువెచ్చని నీళ్లల్లో గుడ్డ తడిపి ఒళ్లు తుడవండి. వెంటనే 108కి ఫోన్ చేయండి. ములుగు నుంచి వరంగల్ సుమారు 50 కిలోమీటర్లు. అడవి ఊళ్ల నుంచి ఇంకా దూరం. దిష్టి తీసి, తాయెత్తు కట్టి, తెల్లారనీ అని కూర్చుంటే ఆ గంటలు తిరిగి రావు.

ముందు జాగ్రత్త కూడా కావాలి. గోడ నెర్రెలు మట్టితో పూడ్చండి. పెంటకుప్ప ఇంటికి దూరంగా వేయండి. పిల్లలకు నిండుగా బట్టలు తొడగండి. మందు పూసిన దోమతెర కట్టండి. మందు చల్లేవాళ్లు వస్తే తలుపు తీయండి.

2024లో గుజరాత్‌లో ఈ వైరస్ మళ్లీ పిల్లల ప్రాణాలు తీసింది. అంటే జబ్బు పోలేదు. చదువు నేర్చిన చేతితో ఇంటి గోడ మీద 108 అని పెద్దగా రాయండి. పక్కింటివాళ్లకు చదివి వినిపించండి. అవసరం వచ్చిన రాత్రి ఆ మూడు అంకెలే ఒక బిడ్డను కాపాడవచ్చు.