కాలేయములోని కావలివారు

వంటయింట మనము కార్జమని పిలుచు అవయవమునే వైద్యులు కాలేయమందురు. పెద్దవారిలో ఇది ఇంచుమించు ఒకటిన్నర కిలోగ్రాముల బరువుండును. ఇది పైత్యరసమును తయారుచేయుననియు, చక్కెరను నిలువచేయుననియు శ్రోతలు బడిలోనే చదివియుందురు. కాపలా కూడ కాయునన్న సంగతి పలువురెరుగరు.

మనము తిన్న అన్నపు సారమును మోసికొని ప్రేగులనుండి బయలుదేరిన నెత్తురు తిన్నగా గుండెకు పోదు. ముందు కాలేయమున ప్రవేశించును. కాలేయమునకు చేరు రక్తములో దాదాపు ముప్పాతిక పాలు ఇట్టిదే. సారముతోపాటు సూక్ష్మజీవుల తునకలును, ఒక్కొక్కప్పుడు ప్రాణముతోనున్న సూక్ష్మజీవులును అందులో కొట్టుకొనివచ్చును. సన్నని రక్తమార్గముల గోడల నంటిపట్టుకొనియున్న కొన్ని కణములు వానిని పట్టి మ్రింగివేయును. వీనికే కుఫర్ కణములని పేరు. శరీరమందలి అవయవములలో స్థిరపడిన భక్షకకణములలో నూటికి ఎనుబదికి పైగా ఇచ్చటనే కలవు.

ఈ పేరు వెనుక ఒక తమాషా యున్నది. 1876లో జర్మను శాస్త్రజ్ఞుడు కార్ల్ ఫాన్ కుఫర్ బంగారపు లవణముతో రంగు పట్టించి చూడగా కాలేయమున నక్షత్రాకారపు కణములు కనబడినవి. తరువాత ఆయన వానిని, మ్రింగు కణములను ఒక్కటిగనే భావించెను. ఆ కాలముననే పోలెండు శాస్త్రజ్ఞుడు బ్రోవిచ్ భక్షకకణములను సరిగా గుర్తించెను. నక్షత్రకణములు ఎ విటమినును దాచు వేరొక జాతివని 1971లో జపానుకు చెందిన కెంజిరో వాకే తేల్చెను. పొరపాటు బయటపడినను పేరు మారలేదు. బ్రోవిచ్‌ను తలచుకొన్నప్పుడు నాకు కొంచెము జాలి కలుగును.

ఈ కావలివారు ఎముకల మూలుగనుండి నిత్యము వచ్చుచుందురని చాలకాలము నమ్మిరి. చిట్టెలుకలపై జరిగిన పరిశోధనలు వేరొక కథ చెప్పినవి. పిండదశలోనే, పిండము నంటియుండు సొనసంచిలో వీని మూలకణములు పుట్టి, కాలేయమునకు వలసవచ్చి, అచ్చటనే విభజన చెందుచు సంతతిని నిలుపుకొనును. ఏ కారణముననైనను ఇవి నశించినచో మాత్రము మూలుగనుండి తెల్లకణములు వచ్చి ఆ పని నేర్చుకొనును.

ప్రతి భోజనముతోను పరాయి పదార్థము వచ్చుచుండును గదా! ప్రతిదానిపై కయ్యమునకు దిగినచో కాలేయమే వాచి పాడగును. అందుచే ఈ కణములు చాలవరకు సడిలేక మ్రింగుటయేగాక, తోటి రక్షకకణములను కూడ శాంతపరచును. 1969లో ఇంగ్లండున రాయ్ కాల్న్ బృందము పందులకు వేరు పందుల కాలేయములు అమర్చగా, పెక్కింటి శరీరములు మందులు లేకయే వానిని స్వీకరించినవి. మనుష్యులలో అంత సులభము కాదు. మందులు సాధారణముగా కావలసియే యుండును.

ఈ సహనమునకు వెలయును గలదు. కామెర్లు కలిగించు బి, సి వైరసులు కాలేయమున ఏండ్లకొలది తిష్ఠవేయుటకు ఇదియు నొక కారణము. 1897లో సికిందరాబాదున రోనాల్డ్ రాస్ దోమ కడుపులో కనుగొనిన మలేరియా పరాన్నజీవి మరింత జాణ. ఎలుకలలో చూచినంతవరకు, అది కావలివాని శరీరము గుండగనే దూరి, ఆవలనున్న కాలేయకణములను చేరుచున్నది.